కీచుమనే తాయెత్తు

దసరా ఆయుధపూజనాడు మన ఆఫీసుల్లో అందరికన్నా ఎక్కువ గౌరవం దక్కేది బల్ల కింద దుమ్ముపట్టి పడుండే యూపీఎస్ డబ్బాకి. మానిటర్‌కి గంధం పూస్తే తెర పాడవుతుందని భయం, కీబోర్డు మీద పసుపు రాలితే మీటలు పట్టేస్తాయని అనుమానం. యూపీఎస్‌తో ఆ పేచీ లేదు. నల్లటి ఒళ్ళు, విశాలమైన నుదురు, బొట్టు పెడితే నిండుగా కనిపిస్తుంది. నిమ్మకాయ కోసేది కూడా దాని ముందే. ఆ పూజలో నాకు తప్పేమీ కనిపించదు. ఏడాది మొత్తంలో దాన్ని ఎవరైనా వంగి చూసేది ఆ ఒక్క రోజే. నా గొడవంతా మిగతా 364 రోజులూ దాని నెత్తిన పెట్టిన బాధ్యత గురించి. “మీ డేటాకి రక్షణ ఏమిటండీ?” అని అడిగితే వీధి చివరి ప్రైవేటు బడి నుంచి పెద్ద కార్యాలయం దాకా అందరిదీ ఒకటే జవాబు: “యూపీఎస్ ఉందిగా!” పిల్లాడికి టీకా వేయించారా అంటే, మొలతాడుకి తాయెత్తు ఉందిగా అన్నట్టు.

యూపీఎస్ చేసే పనిని నేనేమీ తక్కువ చేయడం లేదు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తుల లెక్కన నడుస్తుంది, అంటే ఒక్కో ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు. కరెంటు పోయాక కంప్యూటర్ లోపలి పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్, తన కెపాసిటర్లలో మిగిలినదాంతో నిండు లోడు మీద నెట్టుకురాగలిగేది 16 మిల్లీసెకన్లు అటూ ఇటూ. ఒక్క ఆవృత్తి కూడా పూర్తికాదు. మామూలు యూపీఎస్ ఆలోపే, పది మిల్లీసెకన్లకు మించకుండా, బ్యాటరీ మీదకి మారిపోతుంది. ముచ్చటైన పనితనమే. ఆ తర్వాత? బజార్లో ఎక్కువగా కనిపించే 600 వీఏ డబ్బా విప్పితే లోపల ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒక్కటి. స్కూటర్ బ్యాటరీకి పెదనాన్న కొడుకు వరస. 600 అన్న అంకె చూసి 600 వాట్లని మురిసిపోతాం గానీ చాలా మోడళ్ళలో దాని సత్తా 360 వాట్లే. కొత్తలో పది పదిహేను నిమిషాలు లాగుతుంది, మన ఎండాకాలాలు రెండు మూడు చూశాక రెండు మూడు నిమిషాలకే చేతులెత్తేస్తుంది. ఆ వ్యవధి దేనికిచ్చారంటే, ఫైళ్ళు సేవ్ చేసి మర్యాదగా షట్‌డౌన్ చేసుకోమని. మనం దాన్ని ఇంకో పేజీ టైపు చేయడానికి వాడుకుంటాం. డబ్బా కీచుమంటుంది. చెవులు చిల్లులు పడుతున్నాయని బటన్ నొక్కి దాని నోరు మూయిస్తాం. బ్యాటరీ అడుగంటకముందే కంప్యూటర్‌ని దానంతటదే ఆగిపొమ్మని చెప్పేందుకు కొన్ని యూపీఎస్‌లతో యూఎస్‌బీ కేబుల్ కూడా ఇస్తారు. ఆ కేబుల్ ప్లాస్టిక్ కవరు విప్పకుండా, వారంటీ కార్డుతో పాటు సొరుగులో భద్రంగా ఉంటుంది. యూపీఎస్‌కి నోరుంది, కంప్యూటర్‌కి చెవులున్నాయి, పాపం ఇద్దరికీ మాటల్లేవు. ఇది చాలదని వెనక సాకెట్ ఒకటి ఖాళీగా ఉంది కదా అని లేజర్ ప్రింటర్ తగిలిస్తారు. కాగితం మీద టోనర్‌ని కరిగించి అతికించే భాగం వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. కరెంటు పోయిన వేళే ఎవరో ఒకరు ప్రింటు కొడతారు. కాపలావాడు అందరికన్నా ముందు పడిపోతాడు.

ఇళ్ళలో ఇన్వర్టర్ పెట్టుకున్నవాళ్ళ ధీమా ఇంకో రకం. ఫ్యాను ఆగలేదు కాబట్టి కంప్యూటర్ కూడా ఆగదని నమ్మకం. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్‌కి మార్చే చిన్న స్విచ్చు ఒకటుంటుంది. మార్చకపోతే బ్యాటరీ మీదకి వెళ్ళడానికి ఇన్వర్టర్ తీసుకునే వ్యవధి ఫ్యానుకు తెలియదు గానీ కంప్యూటర్‌కి తెలిసిపోతుంది. ఆ స్విచ్చు ఎటువైపు ఉందో ఇంటాయనకీ తెలియదు, బిగించి వెళ్ళినాయనకీ గుర్తుండదు.

డేటా ఎక్కడుంటుందన్న ప్రశ్న దగ్గరే అసలు చిక్కంతా. ‘సేవ్’ నొక్కాం, గుండ్రటి గుర్తు కాసేపు తిరిగి ఆగింది, పనైపోయిందనుకుంటాం. ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఆ రాతను ముందు ర్యామ్‌లో పెట్టుకుని, వీలు చూసుకుని డిస్కుకి పంపుతుంది. లినక్స్‌లో మామూలు అమరిక ప్రకారం ఆ వీలు 30 సెకన్ల దాకా సాగొచ్చు. బాధ్యత తెలిసిన సాఫ్ట్‌వేర్ అయితే ఇప్పుడే రాయమని పట్టుబడుతుంది, అన్నిటికీ అంత పట్టుదల ఉండదు. డిస్కు కూడా తీసుకున్నదాన్ని తీసుకున్నట్టే రాసేయదు, తన జేబులో కాసేపు ఉంచుకుంటుంది. ఉత్తరం పోస్టులో వేశానని అటెండరు చెప్పడానికీ, అది డబ్బాలో పడడానికీ మధ్య టీకొట్టు ఉన్నట్టు. ఇక్కడ కొంచెం చదువుకున్నవాళ్ళు అడ్డుపడతారు: ఇప్పటి ఫైల్ సిస్టమ్‌లలో చాలావాటికి జర్నలింగ్, అంటే చేయబోయే మార్పును ముందే చిట్టాలో రాసుకునే ఏర్పాటు, ఉంది, 1993లో విండోస్‌లో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ నుంచీ ఉంది, కరెంటు పోయినా ఏం కాదని. నిజమే, ఉంది. కానీ మామూలు అమరికలో అది కాపాడేది ఏ ఫైలు ఎక్కడుందన్న పట్టికనే. ఇంటి ప్లాను భద్రం, ఇంట్లో సామాన్లకు పూచీ లేదు. కరెంటు వచ్చాక ఫైలు పేరు చక్కగా కనిపిస్తుంది, తెరిస్తే సున్నా బైట్లు. ఇక ఎస్‌ఎస్‌డీలో తిరిగే చక్రం లేదు కాబట్టి కరెంటు పోతే దానికేం బాధ అనేవాళ్ళు ఇంకొందరు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 2013లో 15 ఎస్‌ఎస్‌డీలకు పదేపదే కరెంటు తీసి చూస్తే అందులో 13 ఏదో ఒక తీరున తప్పుగా ప్రవర్తించాయి. సర్వర్ల కోసం చేసే మేలురకం ఎస్‌ఎస్‌డీల్లో, చేతిలో ఉన్న రాత పూర్తిచేసుకోవడానికి కెపాసిటర్లు పెడతారు. మనం కొనే చవక రకాల్లో వాటి జాడ సాధారణంగా ఉండదు.

ఇదంతా బయటి కరెంటు పోతే సంగతి. ‘పవర్ సప్లై పోయింది’ అన్న మాటకు రిపేరు షాపులో ఉన్న అర్థం వేరు. గోడ దాకా, యూపీఎస్ దాకా, ప్లగ్గు దాకా కరెంటు శుభ్రంగా వస్తూనే ఉంటుంది. క్యాబినెట్ లోపల 230 వోల్టులను 12గా, 5గా, 3.3గా మార్చే ఎస్‌ఎంపీఎస్ కాలిపోతుంది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చి, ఒంటి మీద 450 వాట్లని గొప్పలు రాసుకుని, చేత్తో పట్టుకుంటే బెండు ముక్కలా తేలిపోయే రకాలు మన దగ్గర కొల్లలు. చవక ఎస్‌ఎంపీఎస్ చచ్చేటప్పుడు ఒంటరిగా పోతుందన్న హామీ లేదు. చివరి క్షణంలో వోల్టేజీ అదుపు తప్పితే మదర్‌బోర్డునీ, డిస్కునీ వెంటేసుకుపోగలదు. అప్పుడు బయట యూపీఎస్ పచ్చదీపం వెలిగించుకుని, వీధి గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ గూర్ఖాలా చూస్తుంటుంది. పెరట్లో దొంగ పడితే అతన్నేం అంటాం?

“అదంతా పాత కథ, ఇప్పుడు కరెంటు ఎక్కడ పోతోంది?” అన్నది గట్టి అభ్యంతరమే. గంటల తరబడి కోతలు పెట్టిన రోజులతో పోలిస్తే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పరిస్థితి మెరుగైంది, కాదనను. అయితే ఒక చిన్న లెక్క. ఏడాదికి 8,760 గంటలు. 99.9 శాతం సరఫరా అంటే ఎవరైనా చప్పట్లు కొడతారు. మిగిలిన ఆ ఒక పిసరు 31,536 సెకన్లు. దాన్ని 50 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తే ఆరు లక్షల ముప్ఫై వేల చిల్లర. అన్నిసార్లు దీపం మిణుకుమని, అన్నిసార్లూ కంప్యూటర్ పడిపోయినా, 99.9 శాతం అన్న బోర్డు మీద ఒక్క అంకె కూడా మార్చక్కర్లేదు. అలా ఎవరూ చేయరులెండి. గంటల్లో కొలిచే సరఫరాకీ, మిల్లీసెకన్లలో చచ్చే యంత్రానికీ ఒకే గజంబద్ద సరిపోదని చెప్పడమే నా ఉద్దేశం. పెద్ద దెబ్బలు మాత్రం పోయాయా? 2025 ఏప్రిల్ 28న మధ్యాహ్నం స్పెయిన్‌లో అయిదు సెకన్లలో 15 గిగావాట్ల విద్యుత్తు మాయమై, పోర్చుగల్‌తో కలిపి ద్వీపకల్పమంతా చీకటైంది. అక్కడివాళ్ళు కూడా అంతకుముందు రోజు దాకా ‘మాకు కరెంటు పోదు’ అనే అనుకుని ఉంటారు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్లు కూలి, రెండో రోజు 60 కోట్ల మందికి పైగా ఇబ్బంది పడినప్పుడు దక్షిణాది గ్రిడ్ విడిగా ఉండబట్టి మనం టీవీలో చూస్తూ కూర్చున్నాం. 2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దక్షిణాది కూడా మిగతా గ్రిడ్‌లో కలిసింది. ఇప్పుడు దేశమంతా ఒకే గ్రిడ్, సుఖమైనా కష్టమైనా ఉమ్మడి కాపురం.

డబ్బా పెద్దదైతే ధీమా పెద్దదవుతుందే తప్ప డేటాకి ఒరిగేది తక్కువని చెప్పడానికి పెద్దవాళ్ళ కథలే సాక్ష్యం. 2017 మే 27న బ్రిటిష్ ఎయిర్‌వేస్ డేటా సెంటర్‌లో కరెంటు ఆగింది. బ్యాటరీలకూ జనరేటర్లకూ కొదవ లేని చోటు. ఎవరో విద్యుత్తు తీసి, మళ్ళీ ఒక పద్ధతి లేకుండా ఇవ్వడంతో పరికరాలు దెబ్బతిన్నాయని సంస్థే చెప్పింది. 75 వేల మంది ప్రయాణికులు చిక్కుకుపోయారు. పోయిన కరెంటు కన్నా తిరిగొచ్చిన కరెంటే ఎక్కువ నష్టం చేసింది. లైను రాగానే బల్బులు ఫట్‌మని పేలే ఊళ్ళవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. నిప్పు యూపీఎస్‌ల దగ్గర మొదలైనట్టు కనబడుతోందని సంస్థ వ్యవస్థాపకుడే అన్నాడు. కొందరు ఖాతాదారుల బ్యాకప్ కాపీలు కూడా ఆ ప్రాంగణంలోనే ఉండి అసలుతో పాటు సహగమనం చేశాయి.

వీటన్నిటినీ మించింది దక్షిణ కొరియాలోని డేజాన్. 2025 సెప్టెంబర్ 26 రాత్రి ప్రభుత్వ డేటా సెంటర్‌లో యూపీఎస్ లిథియం బ్యాటరీలను సర్వర్ల పక్కనుంచి దూరంగా తరలించే పని జరుగుతోంది. ఎందుకు? భద్రత కోసం. ఆ పనిలోనే మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. కంచే చేను మేసిందంటే ఇదే. అందులో కాలిపోయిన జీ-డ్రైవ్ అన్న నిల్వలో ప్రభుత్వోద్యోగుల పనికాగితాలు 858 టెరాబైట్లు ఉండేవి. దానికి బయట ఎక్కడా బ్యాకప్ లేదు. కారణం అడిగితే, పరిమాణం మరీ పెద్దదని చెప్పారు. ఒక్కోటి 20 టెరాబైట్ల హార్డ్‌డిస్కులు 43 ఉంటే పట్టే సరుకు అది. మన తహసీల్దారు ఆఫీసు బీరువాలో ఒక అర చాలు. ఫైళ్ళను ఆఫీసు పీసీల్లో ఉంచుకోవద్దు, జీ-డ్రైవ్‌లోనే పెట్టండి అని ఉద్యోగులకు అంతకుముందే ఆదేశం ఉంది. కాలిపోయాక అదే ప్రభుత్వం వెతుక్కున్న చోట్లు ఏమిటంటే, ఉద్యోగుల పీసీల్లో మిగిలిన ఫైళ్ళు, ఈమెయిళ్ళు, ప్రింటు తీసిన కాగితాలు. ఆదేశాన్ని అక్షరాలా పాటించినవాడు నష్టపోయాడు, పెడచెవిన పెట్టినవాడు దేశానికి అక్కరకొచ్చాడు. క్లౌడ్‌లో ఉంది కాబట్టి మాకు చింత లేదనేవాళ్ళకి ఇంతకు మించి విడిగా జవాబు అక్కర్లేదనుకుంటాను. ఆ మబ్బుకి కూడా ఎక్కడో ఒక చిరునామా, ఒక బ్యాటరీ గది ఉంటాయి. ల్యాప్‌టాప్‌వాళ్ళ సంగతీ అంతే. కరెంటు పోతే బ్యాటరీ ఆదుకుంటుంది, టీ ఒలికితే ఆదుకోదు.

మేం కొరియా కాదు, మాది చిన్న ఆఫీసు, అంత ఖర్చు భరించలేం అంటారు. కాబట్టే మీ పని తేలిక. 43 డిస్కులు కాదు, రెండు చాలు: ఒకటి ఇక్కడ, ఇంకోటి వేరే ఊళ్ళో కాకపోయినా వేరే ఇంట్లో. రాసిన కాపీని నెలకోసారి తెరిచి చూడాలి, ఎందుకంటే తెరుచుకోని బ్యాకప్ కూడా బొట్టు పెట్టిన డబ్బానే. వాడనప్పుడు ప్లగ్గు నుంచి తీసి ఉంచాలి, ఒకే పిడుగుకి రెండూ పోకుండా. ఇదంతా ఎందుకు జరగదంటే డబ్బు లేక కాదు. యూపీఎస్‌కి ఒళ్ళుంది, బరువుంది, స్టాక్ రిజిస్టర్‌లో నంబరుంది, ఆడిట్ వాళ్ళకి చూపించడానికి దీపముంది. కాపీకి ఇవేవీ లేవు. ఎవరో ఒకరు శుక్రవారం సాయంత్రం అరగంట ఆగి చేయాల్సిన పనికి బిల్లు ఎలా పెడతారు, దండ ఎక్కడ వేస్తారు?

అందుకని ఈ ఏడూ ఇండెంట్ వెళ్తుంది. బ్యాటరీ ఉబ్బింది, 600 వీఏ చాలడం లేదు, 1000 వీఏ మంజూరు చేయగలరు. ‘కారణం’ అన్న గడిలో డేటా భద్రత అని రాస్తారు. కొత్త డబ్బా దసరాకి ముందే వచ్చేస్తుంది, దాంతో పాటు ఇంకో యూఎస్‌బీ కేబుల్ కూడా. సొరుగులో చోటుంది.