పళ్లెం చాటున విమానం

2013 ఏప్రిల్ 29న వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్‌లో ఒక విచారణ మొదలైంది. బల్ల వెనక ఆరుగురు సభ్యులు, ఎదురుగా సాక్షులు, మైకులు, కెమెరాలు. చూడ్డానికి అచ్చం అమెరికా కాంగ్రెస్ కమిటీయే. తేడా ఒక్కటే, ఆ ఆరుగురూ మాజీలు. ఐదు రోజులపాటు ఓపిగ్గా వింటే తలా 20 వేల డాలర్లు ముట్టజెబుతామన్నది ఒప్పందం. ఎంత మొత్తుకున్నా అసలు కాంగ్రెస్ విచారణ పెట్టడం లేదు గనక ఉద్యమకారులు మాజీ కాంగ్రెస్‌ను అద్దెకు తెచ్చుకున్నారన్నమాట. విచారణాంశం గ్రహాంతరవాసులు. వాళ్లు వచ్చారా లేదా అన్నది కాదండోయ్. అది ఎప్పుడో తేలిపోయింది. వచ్చినవాళ్లను ప్రభుత్వం ఎక్కడ దాచింది, ఎందుకు దాచింది అన్నదే ప్రశ్న.

ఈ ఏర్పాటంతా చేసినాయన స్టీఫెన్ బాసెట్. వాషింగ్టన్‌లో పొగాకు కంపెనీలకూ, తుపాకుల తయారీదారులకూ, చమురు కంపెనీలకూ లాబీయిస్టులుంటారు. బాసెట్ కూడా చట్టప్రకారం పేరు నమోదు చేయించుకున్న లాబీయిస్టే. కాకపోతే ఆయన భుజాన వేసుకున్నది గ్రహాంతరవాసుల వ్యవహారం. ఫీజెవరిస్తారని అడక్కూడదు. క్లయింటు ఇంకా ఊళ్లో దిగలేదు.

2011లో ఒబామా ప్రభుత్వం, ప్రజలు సంతకాలు పెట్టి పంపిన విజ్ఞాపనలకు జవాబులిస్తామని కొత్తగా ఒక పద్ధతి పెట్టింది. బాసెట్ బృందం తన విజ్ఞాపనతో ముందే వెళ్లి నిలబడింది. నవంబరులో జవాబొచ్చింది. మన గ్రహం బయట ప్రాణి ఉన్నట్టు ప్రభుత్వం దగ్గర ఆధారం లేదు, ప్రజలకు తెలియకుండా దాస్తున్నదీ ఏమీ లేదు అని. ఇంతకన్నా గట్టి రుజువు ఇంకేం కావాలి? లేదని అంత స్పష్టంగా చెప్పారంటే ఉన్నట్టే కదా!

నవ్వుకోవడానికి బాగానే ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, ఈ అనుమానానికి నారు పోసిందీ నీరు పెట్టిందీ ఆ ప్రభుత్వమే.

1947 జూన్ 24న వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ రెయినియర్ దగ్గర కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్‌కు తొమ్మిది మెరిసే వస్తువులు కనిపించాయి. ఎగిరే పళ్లేల కథ పత్రికలకెక్కింది అప్పుడే. అది చల్లారకముందే, జులై 8న, న్యూమెక్సికోలోని రోజ్‌వెల్ సైనిక విమాన స్థావరం తనకు తానుగా ఒక ప్రకటన విడుదల చేసింది. ఎగిరే పళ్లెం ఒకటి తమ చేతికి చిక్కిందని. ఏ ఉద్యమకారుడూ అనలేదు, ఏ పత్రికా పుట్టించలేదు. సైన్యమే చెప్పింది. కొద్ది గంటల్లో పై అధికారులు ముందుకొచ్చి, అబ్బే, అది వాతావరణ బెలూనంటూ వెండిరేకు ముక్కలు, పుల్లలు విలేకరులకు చూపించారు. అక్కడితో కథ కంచికి చేరినట్టే కనిపించింది, ముప్ఫై ఏళ్లు.

ఆ తర్వాత కథ మళ్లీ రాజుకుంది. 1994లో వైమానిక దళం మళ్లీ నోరు విప్పింది. అది మామూలు వాతావరణ బెలూన్ కాదట. సోవియట్ యూనియన్ ఎక్కడైనా అణుబాంబు పేలిస్తే ఆ చప్పుడు పైనుంచి పట్టుకోవడానికి వదిలిన బెలూన్ల బారట. దాని పేరు మోగుల్ ప్రాజెక్టు, అత్యంత రహస్యం. ఒక బెలూన్‌ను బెలూనే అని సరిగ్గా చెప్పడానికి 47 ఏళ్లు పట్టింది. మరుసటి ఏడాది కాంగ్రెస్ ఆడిట్ విభాగం వెతికితే, ఆ కాలంలో రోజ్‌వెల్ నుంచి బయటికి వెళ్లిన సందేశాల దస్త్రాలు ఎప్పుడో ధ్వంసమైపోయాయని తేలింది. ఇక అక్కడ చిన్న చిన్న శవాలు చూశామన్న సాక్షుల సంగతేమిటి? 1997లో దానికీ ఒక నివేదిక వేశారు. వాళ్లు చూసింది పారాచూట్ పరీక్షలకు పైనుంచి కిందికి తోసిన మనిషి బొమ్మలనట. ఆ బొమ్మల పరీక్షలు జరిగింది 1950లలో. 1947లో పడినదాని పక్కన 1950లలో పడ్డ బొమ్మలు ఎలా ఉన్నాయని అడిగితే, ఏళ్లు గడిచాక జ్ఞాపకాలు కలగలిసిపోతాయన్నారు. నివేదిక అట్ట మీద మాత్రం కేసు ముగిసిందని అచ్చేశారు. ముగిసిన కేసుకు అట్ట మీద ఆ మాట వేసుకోవాల్సిన అవసరమేమిటో!

అసలు తమాషా నెవాడాలో జరిగింది. 1955లో సీఐఏ గ్రూమ్ అనే ఎండిపోయిన సరస్సు పక్కన ఒక స్థావరం కట్టి, యూ-2 గూఢచారి విమానాన్ని ఎగరేయడం మొదలుపెట్టింది. ప్రయాణికుల విమానాలు పది, ఇరవై వేల అడుగుల ఎత్తులో తిరిగే రోజులవి. యూ-2 వెళ్లేది 60 వేల అడుగుల పైన. సాయంత్రం కింద మసకబడ్డాక కూడా ఆ ఎత్తులో వెండి రెక్కల మీద ఎండ పడి భగ్గున మెరిసేది. కింద వెళ్తున్న పైలట్లు అది చూసి ఫిర్యాదులు రాశారు. వైమానిక దళం తరఫున ఈ ఫిర్యాదులు విచారించే బ్లూబుక్ ప్రాజెక్టువాళ్లు సీఐఏకు గుట్టుగా కబురు పెట్టి, అది మన విమానమేనని రూఢి చేసుకునేవాళ్లు. బయటికి వచ్చి మాత్రం మంచు స్ఫటికాలన్నారు, గాలి పొరల్లో వేడి తేడాలన్నారు. 1950ల చివర్లో, 60లలో వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి పైగా తమ విమానాల పుణ్యమేనని 1997లో సీఐఏ చరిత్రకారుడు జెరాల్డ్ హైన్స్ రాశారు. బ్లూబుక్ మూతపడిన 1969 నాటికి 12,618 ఫిర్యాదులు జమయ్యాయి. ఏమిటో తేలనివి 701.

అంటే ఏమైనట్టు? ఆకాశంలో ఏదో ఉందన్నవాడు నిజం చెప్పాడు. ఏమీ లేదన్న అధికారి అబద్ధం చెప్పాడు. పిచ్చివాడన్న పేరు మాత్రం మొదటివాడికొచ్చింది.

ఆ పేరు దానంతటది రాలేదు. 1953 జనవరిలో సీఐఏ, భౌతికశాస్త్రవేత్త రాబర్ట్‌సన్ నాయకత్వంలో ఒక నిపుణుల సంఘాన్ని కూర్చోబెట్టింది. పళ్లేల వల్ల దేశానికి ముప్పు లేదని ఆ సంఘం తేల్చింది. అక్కడితో లేచి ఇళ్లకు వెళ్లిపోతే బాగుండేది. వెళ్లకుండా, జనంలో ఈ మోజు తగ్గేలా సినిమాలు, టీవీల ద్వారా ప్రచారం చేయాలనీ, డిస్నీ వాళ్ల సాయం తీసుకోవచ్చనీ, పళ్లేల ఔత్సాహిక సంఘాల మీద ఒక కన్నేసి ఉంచాలనీ సిఫారసు చేసింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడం ప్రభుత్వాలకు మాత్రమే చేతనైన విద్య.

ఐదేళ్లకు, 1958 జనవరి 22న, మెరైన్ దళంలో మేజర్‌గా చేసి రిటైరైన డొనాల్డ్ కీహో అనే ఆయన సీబీఎస్ టీవీలో ప్రత్యక్ష ప్రసారానికి వచ్చాడు. ఔత్సాహికుల సంఘాల్లో పెద్దదానికి ఆయనే డైరెక్టరు. ఆ సంఘం పాలకవర్గంలో సీఐఏ మొదటి డైరెక్టరు అడ్మిరల్ హిలెన్‌కోటర్ కూడా ఉన్నారు. కాబట్టి వీళ్లంతా పనిలేని బాపతు అనుకోవడానికి లేదు. కీహో ముందుగా రాసిచ్చిన మాటలు పక్కన పెట్టి, తనకు తెలిసింది చెప్పబోయాడు. పెదాలు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. టీవీవాళ్లు శబ్దం తీసేశారు. ఆయన చెప్పబోయింది వింటే జనం నమ్మేవాళ్లో లేదో గాని, వినిపించకపోవడంతో ఖాయంగా నమ్మారు.

1970ల్లో ఉద్యమం కోర్టుకెక్కింది. అమెరికా సమాచార స్వేచ్ఛా చట్టం 1966 నాటిది. దాని కింద దావా వేస్తే, అంతకుముందు మా దగ్గర పెద్దగా ఏమీ లేదన్న సీఐఏ 1978లో దాదాపు 900 పేజీలు బయటపెట్టింది. అందులో పళ్లెమూ లేదు, ప్రాణీ లేదు. ఇంకో సంఘం ఎన్‌ఎస్‌ఏ మీద పడింది. దేశదేశాల రేడియో సంభాషణలు పొంచి వినడమే వృత్తిగా పెట్టుకున్న సంస్థ అది. కాగితాలిస్తే ఎవరి మాటలు, ఎలా వింటున్నామో బయటపడుతుందని దాని బాధ. 1980లో జడ్జి గెసెల్ 21 పేజీల రహస్య ప్రమాణపత్రాన్ని ఒంటరిగా చదివి కేసు కొట్టేశారు. ఉద్యమకారులు ఊరుకోక ఆ ప్రమాణపత్రమే ఇమ్మన్నారు. ఇచ్చారు, పేజీలకు పేజీలు నల్లసిరా పూసి. ఆ నలుపు కింద ఏముందో చదవగల భక్తులు అప్పటినుంచి తామరతంపరగా పుట్టుకొచ్చారు.

ఇంతవరకు గోప్యత. దీని తర్వాతది ఇంకో మెట్టు.

1980ల మొదట్లో న్యూమెక్సికోలోని ఆల్బకర్కీలో ఒక ఎలక్ట్రానిక్స్ వ్యాపారి ఉండేవాడు. ఇంటికి దగ్గర్లోనే కర్ట్‌లాండ్ వైమానిక స్థావరం. అక్కడి వెలుతుర్లు, రేడియో సంకేతాలు ఆయన పరికరాలకు చిక్కాయి. గ్రహాంతరవాసులు దిగారని భయపడి, మంచి పౌరుడిలా స్థావరానికే వెళ్లి చెప్పాడు. అయ్యా, అవి మావి, పట్టించుకోకండి అనలేదు ఎవరూ. వైమానిక దళ దర్యాప్తు విభాగంవాళ్లు ఆయన అనుమానాన్నే పెంచి పోషించారు, దొంగ కాగితాలు అందించారు. చివరికి ఆయన మానసిక చికిత్స కోసం ఆస్పత్రి పాలయ్యాడు. ఈ నాటకంలో తనకూ వేషం ఉందని, రోజ్‌వెల్ మీద పుస్తకం రాసిన విలియం మూర్ 1989లో లాస్ వేగాస్‌లో జరిగిన పళ్లేల ఔత్సాహికుల మహాసభలోనే నిలబడి ఒప్పుకున్నాడు. వ్యంగ్యం రాసేవాడికి ఇక్కడ చేతికి పని లేదు.

బ్రిటన్ పౌరుడు గ్యారీ మెకినన్‌ది వేరే దారి. విజ్ఞాపనలు, దావాలు దండగనుకుని 2001, 2002లలో లండన్‌లోని ఇంట్లో కూర్చుని అమెరికా సైన్యానివీ, నాసావీ కలిపి 97 కంప్యూటర్లలోకి దూరాడు. చాలావాటికి పాస్‌వర్డే లేదట. విశ్వరహస్యం దాచినట్టు పేరుపడ్డ సైన్యం తలుపుకు గడియ పెట్టడం మరిచిపోయింది. అమెరికా అతన్ని అప్పగించమని పదేళ్లు వెంటపడింది. 2012లో బ్రిటన్ హోంమంత్రి థెరిసా మే కుదరదన్నారు.

ఇప్పుడు రంగస్థలం మారింది. 2023 జులైలో అసలు కాంగ్రెసే, అద్దెది కాదు, మాజీ గూఢచార అధికారి డేవిడ్ గ్రష్‌ను పిలిచి ప్రమాణం చేయించి విన్నది. మానవేతర జీవుల అవశేషాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయన్నాడాయన. తమరు చూశారా అంటే లేదు, తెలిసినవాళ్లు చెప్పారన్నాడు. 2024 మార్చిలో పెంటగన్ 1945 నుంచి ఉన్న రికార్డులన్నీ తిరగేశామని చెప్పి, గ్రహాంతర యంత్రాల జాడే లేదని నివేదిక ఇచ్చింది. జనం పొరబడ్డవాటిలో కొన్ని తమ రహస్య విమానాలేనని అందులోనూ రాసుకుంది. ఉద్యమకారులు ఆ నివేదికను నమ్మలేదు. డెబ్భై ఏళ్ల చరిత్ర చూశాక నమ్మకపోవడం తప్పనలేం. వాళ్ల తప్పల్లా, అబద్ధం పట్టుకున్నాక దాని వెనక యుద్ధ విమానాన్ని, గూఢచారి యంత్రాన్ని, వాటికైన లెక్కల్లేని ఖర్చునూ వెతక్కుండా, ఇంకో లోకంవాడికోసం వెతకడం. అలా వెతుకుతున్నంత కాలం ఆ ఖర్చు పద్దు ఎవరూ అడగరని తెలిసిన అధికారికి వాళ్లంటే ఎందుకు కోపం ఉంటుంది?

మన వైపు ఈ ఉద్యమానికి భవిష్యత్తు కనిపించడం లేదు. 2017లో విశాఖపట్నంలో కడుతున్న ఒక భవనంలో గ్రహాంతరవాసులు దొరికారని వీడియో ఊరేగింది. చూస్తే గుడ్లగూబ పిల్లలు. 2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఆకాశంనుంచి ఒక వింత క్యాప్సూల్ పొలంలో దిగింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చాయి. అది హాలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ పరీక్షదనీ, హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎగరేశారనీ వెంటనే తెలిసిపోయింది. 47 ఏళ్లు ఆగే ఓపిక ఇక్కడెవరికుంది?

పైగా ఆ కేంద్రం బెలూన్లు వదిలేముందు పత్రికల్లో ప్రకటన కూడా ఇస్తుంటుంది. కాబట్టి పాఠకులు గమనించగలరు. పొలంలో పెద్ద ప్లాస్టిక్ షీటూ, దానికి కట్టిన పెట్టే కనిపిస్తే విప్పకండి. మీద చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. దగ్గర్లోని పోలీసుస్టేషన్‌లో చెప్పండి. తగిన పారితోషికమూ, ఫోన్ ఖర్చులూ వాళ్లే ఇస్తారు.