కుడితిలో పడిన చేపలు

మా ముందుగదిలో క్రొత్తగా వెలసిన అక్వేరియములోని నీరు వారము తిరుగకమునుపే బియ్యము కడిగిన కుడితివలె తెల్లబడిపోవుటయు, అందలి బంగారుచేపలు గాజునకు మూతి ఆనించిననే తప్ప కానరాకుండుటయు, ఈ వార్త వీధి కొసవరకు ప్రాకుటయు ఏకకాలమున జరిగినవి. నాటినుండి, మాకు జ్వరము వచ్చినప్పుడైనను పలుకరింపని మహానుభావులెందరో విచ్చేసి, తొట్టికి నాడి చూచి, చికిత్స చెప్పి పోవుచున్నారు.

గోదావరీతీరమున పుట్టి, వరదనాటి ఎర్రనీటిని బిందెలలో తేర్చుకొని త్రాగిన తరమువారగుటచే మా పెదనాన్నగారు, "చిల్లగింజ అరగదియ్యరా! తెల్లారేసరికి తేటపడకపోతే నన్నడుగు" అని పందెము కాచిరి. కతకఫలమను పేర ప్రాచీనులు కొనియాడిన ఆ గింజయెడ నాకు అపారమైన గౌరవము కలదు. కాని దాని ప్రతాపమెల్ల ఒండ్రుమట్టిమీదనే. మా తొట్టిలోనిదో సజీవమైన కలక. చేపలు తినక వదలిన మేతను మరిగిన సూక్ష్మజీవులు, అన్నియు అనుకూలించినచో గంటలోపలనే రెట్టింపగునవి, ఈపూట అడుగునకు దింపినను రేపటికి మరల ప్రత్యక్షమగును. ఎదురింటి పిన్నిగారు పటిక వేయుమనిరి. పటిక నీటికి ఆమ్లగుణము నెక్కించును గనుక, నీటిని తేర్చుటకు ముందే చేపలను తేల్చును.

మాటలతో ఊరకుండక కార్యరంగమునకు దిగినవాడు మా బావమరిది. నేను కచేరీకి పోయిన వేళ చూచి, నీరంతయు తోడి పారబోసి, ఫిల్టరులోని స్పాంజిని మునిసిపల్ కుళాయిక్రింద పిండి పిండి ఉతికి, క్రొత్తనీరు నింపి, సాయంకాలము నన్ను తొట్టియెదుట నిలువబెట్టి మీసము దువ్వెను. మరునాటికి కుడితి యథాస్థానము నలంకరించెను. చేపలు విసర్జించు అమ్మోనియాను నైట్రైటుగను, దానిని నైట్రేటుగను మార్చి విషమును విరుచు మేలిజాతి సూక్ష్మజీవులు, 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు వేరుపరచి చూపినట్టివి, నివసించునది ఆ స్పాంజిలోను, అడుగున పరచిన గులకరాళ్లమీదను. కుళాయినీటి క్లోరినుతో వాటి వంశమును నిర్మూలించి, మా ఆవిడ తమ్ముడు కథను మొదటికి తెచ్చెను. అవి మందగమనలు, నిలద్రొక్కుకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును.

అంతవరకు ఫిల్టరును ఆపకుండుట, అమ్మోనియా పెరిగినచో క్లోరిను విరిచిన నీటితో నాలుగవవంతు మార్చుట, మేత తగ్గించుట, తక్కిన కాలమంతయు చేతులు కట్టుకొని కూర్చుండుట, ఇంతే చికిత్స. ఈ చివరి ఔషధమును మ్రింగగలవారు మా ఇంట లేరు. మా అమ్మ మొదలే కాదు. ఆమె తొట్టిదగ్గర నిలుచుటే తడవుగా చేపలు బారులు తీరి గాజువెంట నోళ్లు తెరచి మూయును, "పాపం, నోరులేని జీవాలు!" అనుచు ఆమె చిటికెడనుకొని గుప్పెడు విదల్చును, ఆ ఎర్రని గుళికలు గులకరాళ్ల సందున చేరి, ఉబ్బి, తెల్లని బూజు కట్టును. బంగారుచేపకు జఠరమే లేదనియు, ఉన్నవి ప్రేవులు మాత్రమేయనియు శాస్త్రప్రమాణముతో విన్నవించితిని.

"కడుపే లేనిదానికి నిండేదెప్పుడురా, నాయనా?" అని ఆమె మరికొంత వేసెను.

మేతడబ్బా ఇప్పుడు నా బీరువాలో శబ్దరత్నాకరము వెనుక నున్నది. ఆ గ్రంథమును మా ఇంట నేను తప్ప మరెవ్వరును ముట్టరు.