మగ్గం ఆగింది, నేరం నేతగాడిది

హుగ్లీ నదికి రెండు ఒడ్డులా బారులు తీరిన కలకత్తా జూట్ మిల్లుల్లో యాజమాన్యాలు అత్యంత భక్తితో ఉచ్చరించే పదం ఉత్పాదకత. ఒక కార్మికుడు ఒక గంట పనిలో ఎంత సరుకు తీశాడన్నదే దాని శాస్త్రీయ నిర్వచనం. ఆ గంటలో మగ్గం ఎంతసేపు తిరిగింది, ఎందుకు ఆగింది, దాన్ని తిప్పడానికి నార ఉందా లేదా అన్న ప్రశ్నలకు ఈ నిర్వచనంలో చోటు లేకపోవడమే దాని ప్రధాన సుగుణమనీ, యాజమాన్యాల భక్తికి అదే మూలమనీ పరిశీలకులు గుర్తించకపోలేదు.

1855లో రిష్రాలో జార్జ్ ఆక్లండ్ తొలి మిల్లు స్థాపించిన తర్వాత చాలా దశాబ్దాలపాటు ఈ పరిశ్రమ మొత్తం సమాచార వ్యవస్థ సర్దారు అనే ఒకే మనిషిలో ఇమిడి ఉండేది. కూలీలను ఊళ్లనుంచి తెచ్చి, పనిలో పెట్టి, వారినుంచి మామూళ్లు గుంజుకుని, హాజరు ఎవరికి పడాలో నిర్ణయించే మేస్త్రీయే సర్దారు. బీహారు, ఒరిస్సాలనుంచే కాక గంజాం, విశాఖ జిల్లాలనుంచి టిటాగఢ్ వంటి చోట్లకు చేరిన తెలుగు కూలీలకు కూడా మిల్లంటే ముందుగా ఆయనే. చరిత్రకారుడు దీపేశ్ చక్రవర్తి 1989లో వెలువరించిన గ్రంథంలో, ఈ మిల్లుల రికార్డుల్లో కార్మికుల స్థితిగతుల గురించి నమ్మదగిన సమాచారం ఎందుకు దొరకదో వివరిస్తూ, హాజరు పుస్తకాలు దొంగలెక్కలకు నిలయాలుగా ఉండేవనీ, కూలీ చౌకగా దొరుకుతున్నంతకాలం అతడి గురించి తెలుసుకోవలసిన అవసరం యజమానులకు కలగలేదనీ చూపించారు. అజ్ఞానం ఉచితంగా లభిస్తున్నప్పుడు జ్ఞానం మీద ఖర్చు పెట్టడం వ్యాపార లక్షణం కాదు.

ఇప్పుడా లోటు తీరుతోంది. వేలిముద్రతో హాజరు తీసుకునే యంత్రం, మగ్గం తిరుగుళ్లను లెక్కించే సెన్సరు, కొనుగోళ్లనుంచి జీతాల దాకా అన్ని ఖాతాలనూ ఒకే చోట కలిపే ఈఆర్‌పీ అనే సాఫ్ట్‌వేరు, ఇవన్నీ చెప్పిన మాటలను రంగురంగుల గీతలుగా ఆఫీసు గోడమీద చూపే డ్యాష్‌బోర్డు, ఒక్కొక్కటిగా పరిశ్రమలోకి వస్తున్నాయి. నారకు నూనె, నీరు పట్టించి మెత్తబరిచే విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసిన వేలిమీద గీతలు అరిగిపోవడం వింతేమీ కాదు గనుక, ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషిని గేటు దగ్గరి యంత్రం గుర్తించక నిరాకరించడమూ వింత కాదు. సర్దారైతే మామూలు పుచ్చుకుని గుర్తుపట్టేవాడు, యంత్రానికి ఆపాటి లోకజ్ఞానమైనా లేదు.

గేటు దాటి మగ్గం దగ్గరికి వెళితే ఈ విజ్ఞానం మరింత వికసిస్తుంది. నాసిరకం నార వల్ల పడుగు పోగు పుటుక్కున తెగుతుంది, నేతగాడు మగ్గం ఆపి, వంగి, తెగిన కొసలు వెతికి ముడివేసి, నాడెలో అయిపోయిన కండె తీసి కొత్తది పెట్టి, తిరిగి నడుపుతాడు. సెన్సరు మాత్రం ఇంత కథలో ఒక్క సంగతినే గ్రహించి, ఫలానా నంబరు మనిషి మగ్గం ఇన్ని నిమిషాలు ఆగిందని రాసుకుంటుంది. ఆ నార ఎవరు కొన్నారు, ఏ ధరకు కొన్నారు, ఆ మగ్గం ఏ తాతల కాలం నాటిది అన్న వివరాలు కొలిచే సెన్సర్లను కొనుగోలు విభాగం కుర్చీలకు అమర్చిన దాఖలాలు లేవు.

కంప్యూటర్లు అంతటా కనిపిస్తున్నా ఉత్పాదకత లెక్కల్లో మాత్రం కనిపించడం లేదని అమెరికన్ ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1987లో చమత్కరించారు, అదే ఏడాది ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. సరిగ్గా అదే ఏడాది భారత ప్రభుత్వం కొన్ని సరుకులను గోనెసంచుల్లోనే నింపాలని చట్టం చేసి, ఈ మిల్లులకు తానే పెద్ద కొనుగోలుదారుగా నిలిచింది. ధాన్యం సంచుల ఆర్డర్లకు 2016లో జూట్-స్మార్ట్ అనే ఆన్‌లైన్ వేదిక కూడా వచ్చింది గనుక, ఆర్డరు క్షణంలో చేరుతుంది. సంచి మాత్రం ఇప్పటికీ నారతోనే తయారుకావలసి ఉంది.

ఈ చివరి సత్యం 2021 సెప్టెంబరు 30న మరోసారి రుజువైంది. ఆ రోజు జూట్ కమిషనర్ క్వింటాలు ముడి జనపనారకు 6,500 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించగా, బజారులో ఆ ధరకు నార దొరకక, ఎక్కువ పెట్టి కొనడానికి వీల్లేక బెంగాల్లో పలు మిల్లులు మూతపడ్డాయి. 2022 మే 20న ఆ పరిమితి ఎత్తివేసేదాకా వేలాది మంది కార్మికులు గేటు బయటే ఉన్నారు. నిర్వచనాన్ని అక్షరాలా పాటిస్తే, ఆ నెలల్లో వారి ఉత్పాదకత సున్నా.

సున్నా అంటే ఇక్కడ కొందరికి ఉద్యోగ హోదా కూడా. పర్మినెంటు, స్పెషల్ బద్లీ, బద్లీ (రానివారి బదులు పనిచేసేవారు) అనే మెట్లకు కింద, పుస్తకంలో పేరులేకుండా పనిచేసేవారిని సున్నా నంబరు కార్మికులనీ, మరొకరి పేరుమీద పనిచేసి కూలిలో వాటా పుచ్చుకునేవారిని భాగ్‌వాలాలనీ ఈ మిల్లుల్లో పిలవడం రివాజు. వీరు నేసిన గోనెసంచిని కంప్యూటరు లెక్కిస్తుంది, వీరిని లెక్కించదు. తల తగ్గితే తలసరి ఉత్పత్తి పెరుగుతుందన్న లెక్క మాత్రం ఎవరికీ కొత్తగా నేర్పనక్కరలేదు.

కార్మికుడి లెక్క సరిచూడటానికి కొత్త సాఫ్ట్‌వేరు ఏదీ కొననవసరం లేదు. మగ్గం ఆగిన ప్రతి నిమిషానికీ ఎదురుగా నార, కరెంటు, మరమ్మతు, మనిషి అని నాలుగు గడులు పెట్టి, ఆ గడులను నింపే అధికారం నేతగాడికి కూడా ఇచ్చి, మొదటి మూడు గడుల్లో పడిన నిమిషాలను అతడి ఖాతాలోంచి తీసివేసి చూడవలసిందిగా డ్యాష్‌బోర్డుల ఎదుట కూర్చున్న పెద్దలకు మనవి.