లీనియర్ ప్రోబు ఆత్మకథ

బెల్లంపల్లిలోని ఒక స్కానింగ్ కేంద్రంలో, యంత్రం పక్కన తన గూటిలో కూర్చుని ఉండే లీనియర్ ప్రోబు చెప్పుకునే కథ ఇది. రిపోర్టు కింద ఎన్నడూ తన సంతకం పడదు కనుక, సొంత విషయం కూడా ప్రథమ పురుషలోనే చెప్పుకోవడం దానికి అలవాటు. ప్రోబు అంటే డాక్టరు చేత పట్టుకుని రోగి ఒంటికి ఆనించే పరికరం. దాని ముఖాన వరుసగా అమర్చిన సన్నని పలకలు కరెంటు తగలగానే కంపించి చెవికి అందని శబ్ద తరంగాలను లోపలికి పంపుతాయి, అవయవాలకు తగిలి తిరిగివచ్చిన వాటిని మళ్లీ కరెంటుగా మారుస్తాయి. స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్న ధర్మమే దీని పుట్టుకకు మూలం. సెకనుకు కోటి సార్లకు అటూ ఇటుగా కంపించడం వల్ల ఇది ఎక్కువ లోతుకు పోలేదు గాని, పోయినంత మేర సన్నని నాళాలను సైతం విడదీసి చూపుతుంది. అందుకే పెద్దల పొట్టలు, గర్భిణుల స్కాన్లు పక్కనున్న వంపు ముఖపు ప్రోబు వంతు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద గర్భిణి గర్భిణికీ నింపవలసిన ఎఫ్ ఫారాల బరువూ దానిదే. ఈ ప్రోబుకు దక్కేవి మెడలోని థైరాయిడ్ గ్రంథులు, కాళ్ల రక్తనాళాలు, ఎప్పుడైనా ఒకసారి పసిబిడ్డ పొట్ట.

పసిబిడ్డల పొట్టలో రక్తనాళాల గడ్డలు అరుదు. వాటిలో ప్రధానమైనది కాలేయంలో వచ్చే హెమాంజియోమా, అంటే రక్తనాళాల లోపలి పొర కణాలు మితిమీరి పెరగడం వల్ల ఏర్పడే, క్యాన్సర్ కాని గడ్డ. ఇందులో ఒక రకం తల్లి కడుపులోనే పూర్తిగా పెరిగి, బిడ్డ పుట్టాక తగ్గుముఖం పడుతుంది. రెండోది పుట్టినప్పుడు ఉండీ లేనట్టుండి, తొలి నెలల్లో వేగంగా పెరిగి, ఏడాది దరిదాపుల్లో నిలిచి, ఆపైన కొన్నేళ్లకు కరుగుతుంది. కాబట్టి ఏ వయసులో కనపడింది, ఆ తర్వాత పెరిగిందా తగ్గిందా అన్నది గడ్డ ఆకారమంత ముఖ్యమైన ఆధారం. బిడ్డ చర్మం మీద ఎర్రగా ఉబ్బిన హెమాంజియోమా మచ్చలు ఐదు లేదా అంతకు మించి ఉంటే, పైకి ఏ బాధా లేకపోయినా కాలేయాన్ని స్కాన్ చేయించాలని వైద్యులు చెప్పేది ఈ రెండో రకం కోసమే.

చలికాలంలో జెల్ సీసాను ముందుగా వేడినీళ్ల గిన్నెలో ఉంచకపోతే ప్రోబు ఆనగానే బిడ్డ కెవ్వుమంటుంది, ఏడ్చే బిడ్డ పొట్ట ఎగిసిపడితే కలర్ డాప్లర్‌లో తెరంతా రంగుల అలుకుడే మిగులుతుంది. అందుచేత తల్లి ఒళ్లో పాలు తాగుతుండగా చేసిన స్కానే నమ్మదగినది. డాప్లర్ అంటే కదిలే రక్తకణాల నుంచి తిరిగివచ్చే తరంగాల మార్పును బట్టి ప్రవాహ వేగాన్ని, దిశను లెక్కకట్టే పద్ధతి. గడ్డలో ధమనుల రక్తం నేరుగా సిరల్లోకి దూకుతుంటే కాలేయ ధమని లావెక్కుతుంది, గుండె మీద భారం పెరుగుతుంది. గడ్డలు కాలేయమంతా నిండితే అవి థైరాయిడ్ హార్మోనును విరిచేసే ఎంజైమును కూడా తయారుచేస్తాయి కనుక, రక్తంలో థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి.

అయితే ప్రోబు తన హద్దు దాటి తీర్పు చెప్పదు. ఈ వయసులోనే వచ్చే హెపటోబ్లాస్టోమా అనే కాలేయ క్యాన్సర్ కొన్నిసార్లు ఇలాగే కనపడుతుంది. దాన్ని వేరుచేయడానికి చూసే ఆల్ఫా ఫీటోప్రోటీన్ మోతాదు పుట్టిన బిడ్డల్లో సహజంగానే ఎక్కువ కాబట్టి వయసుతో పోల్చి చదవాలి. అనుమానం మిగిలితే ఎమ్మారై చేయించాలి, సీటీలో రేడియేషన్ ఉంటుంది గనుక పసివాళ్లకు అది రెండో మాట. ముక్క తీసి పరీక్షించడానికి గడ్డలో సూది గుచ్చితే రక్తస్రావం భయం. చిత్రాలు స్పష్టంగా ఉన్నచోట ఆ పని పెట్టుకోరు. ఈ దశలో బిడ్డను పిల్లల నిపుణులున్న హైదరాబాదు ఆసుపత్రికి, సుమారు 250 కిలోమీటర్ల దూరానికి, తీసుకుపోక తప్పదు.

మందు అక్కడ మొదలవుతుంది. గుండెకు, రక్తపోటుకు వాడే ప్రొప్రనలాల్ రెండో రకం హెమాంజియోమా గడ్డలను కుదిస్తుందని 2008లో ఫ్రాన్సులోని బోర్డో వైద్యులు ప్రకటించాక చికిత్స తీరే మారిపోయింది. కానీ ఆ తర్వాత నెలల తరబడి చేయవలసిన కొలతల పని చాలావరకు ఊరి ప్రోబుతోనే సాగుతుంది, సాగాలి కూడా. పొడవు, వెడల్పు, లోతు మూడూ ప్రతిసారీ అదే తీరున కొలిస్తే చాలు. గుండ్రని గడ్డ అడ్డుకొలత 4 సెంటీమీటర్ల నుంచి 3కు దిగిందంటే, చూపుకు స్వల్పంగా తోచినా, దాని పరిమాణంలో సగానికి పైగా పోయినట్టే.

ఇక్కడ లోటు యంత్రంలో లేదు, పాత రిపోర్టులో ఉంది. స్కాన్ ఫొటోలు వేడికి నల్లబడే థర్మల్ కాగితం మీద అచ్చవుతాయి. బొగ్గుబావుల ఊరి ఎండల్లో సంచిలో పడి ఉన్నా చెడతాయి, భద్రమనుకుని లామినేషన్ చేయిస్తే ఆ వేడికే కాగితమంతా నల్లగా మారుతుంది. అందువల్ల తల్లిదండ్రులు స్కాన్ అయిన రోజే ఆ కాగితాలను ఫోనులో ఫొటో తీసిపెట్టుకుని, తర్వాతి స్కాన్‌కు వచ్చేటప్పుడు పాత కొలతలను తప్పక వెంట తీసుకురావాలి.