ఎనిమిదో అంతస్తులో పెంటకుప్ప

సూరత్‌లో చెత్త పరువుకు సంబంధించిన విషయం. 1994లో ప్లేగు భయంతో లక్షల జనం దొరికిన రైలెక్కి పారిపోయిన ఊరిది. మరుసటేడు ఎస్.ఆర్.రావు మున్సిపల్ కమిషనరుగా వచ్చి వీధులకు చీపురు పట్టించారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి దేశంలోనే మొదటి స్థానం కొట్టేసింది. పొద్దున్నే బండి గుమ్మంలోకొచ్చి చెత్త పట్టుకుపోయే ఇలాంటి ఊళ్లో, ఇవ్వకుండా దాచుకునే ఇల్లాలిని చూస్తే ఎవరికైనా అనుమానం రాదూ?

సిరిసిల్ల నుంచి వచ్చిన మా అత్తమ్మకైతే అనుమానం కాదు, దుఃఖం. “ఊర్ల పెంటకుప్ప ఇడిసిపెట్టి బతకనొస్తిరి. ఈడ ఎనిమిదో అంతస్తుల మల్ల పెంటకుప్పే పెడ్తివా బిడ్డా?”

ఆల్బర్ట్ హోవార్డ్ కథ చెప్పాను. ఆ ఇంగ్లీషాయన 1920లలో ఇండోర్‌లో కూర్చుని, మన రైతులు చెత్తను ఎరువు చేసే తీరు గమనించి, చైనా రైతులది చదివి తెలుసుకుని, పాళ్లు కట్టి, ‘ఇండోర్ పద్ధతి’ అని పేరుపెట్టాడు. 1931లో యశ్వంత్ వాడ్‌తో కలిసి పుస్తకమే వేశాడు. అత్తమ్మ శ్రద్ధగా విని, “మీ మామ గిదే చేసిండు. పుస్తకం ఏయలేదు, గంతే,” అంది.

సంగతి నిజానికి తేలికే. చిల్లులున్న కుండలో ఒక వంతు కూరగాయ తొక్కలకు రెండు వంతుల ఎండు సరుకు. లోపల గాలాడితే మట్టి వాసన, తడి ఎక్కువై గాలాడకపోతే సొసైటీ మీటింగు. చిక్కల్లా ఆ ఎండు సరుకుతోనే. తొక్కలు వంటింట్లో పుడతాయి, ఎండుటాకులు ఎనిమిదో అంతస్తులో రాలవు. మావారి సావుకారు జాలిపడి మార్కెట్ నుంచి బస్తాడు చిందీ పంపాడు. గుడ్డపీలికలే, కానీ సూరత్ చీర కదా, అంతా పాలిస్టర్. మనం మట్టిలో కలిసిపోయినా అది కలవదు. చివరికి చీరలొచ్చే అట్టపెట్టెలు చింపి వేయడం మొదలెట్టాను. వాటిని పురుగులు ఇష్టంగానే తిన్నాయి.

పురుగులన్నాను కదా. వానాకాలంలో బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలు బిలబిలమంటూ కుండెక్కి బయటికొస్తాయి. కుట్టవు, కరవవు, రోగం తేవు. ఈ మూడు ముక్కలూ గుజరాతీలో చెప్పడం వచ్చేలోపు ఎదురింటి బెన్ “ఆ శూ ఛే?” అని ఒక్క కేక పెట్టి తలుపేసుకుంది.

చలికాలానికి ఆవిడే తలుపు తట్టింది. ఉత్తరాయణ్‌కి ఊంధియు చేస్తే ఇంటెడు చెత్త: పాపడీ ఈనెలు, ఊదా పెండలం తొక్కలు, వంకాయ తొడిమలు. పళ్లెంతో తెచ్చి తనే వేసి, తనే కలిపి వెళ్తోంది. సంతోషమే, కానీ నా ప్రాణం మీదికొచ్చింది. మా మెట్ల మీద గుడ్డు మాటే ఎత్తరు, నా కుండ నిండా గుడ్డు పెంకులే. అందుకే రాత్రిపూట వాటిని ఇసకంత మెత్తగా దంచుతున్నాను. ఆవిడ పవిత్రమైన తొక్కలూ మా పెంకులూ కలిసి ఎంత చక్కటి ఎరువైందంటే, ఆవిడ తులసికి సగం పట్టుకెళ్లింది. ఇలాంటి విషయాల్లో నిజాయితీ మొక్కలకు అవసరం లేదని నా నమ్మకం.

ఉధ్నా, లింబాయత్ వైపు ఉండే మన తెలుగువాళ్లకో విన్నపం. చెట్టు కింద ఊడ్చిన ఆకులు తగలబెట్టకండి, కబురు చేయండి, బస్తా పట్టుకుని నేనే వస్తాను. చిందీ మాత్రం వద్దు.