ఆయ్, స్క్రీన్‌ప్లే అతకలేదండి!

1980ల్లో అమలాపురం నుంచి కలర్ టీవీ, వీడియో డెక్కు, మూడు సినిమా క్యాసెట్లు ఒక్క రాత్రికి అద్దెకు తెచ్చి అరుగు మీద పెడితే వీధంతా చాపలేసేది. బొమ్మలో గీతలొస్తే డెక్కు హెడ్డు కొత్త నోటుతో తుడవడమే. మొదటి సినిమా చూసేవాళ్లం, రెండోదానికి తూగేవాళ్లం, మూడోది డెక్కు కుర్రాడొక్కడే చూసేవాడు. తెల్లారాక మూడూ బ్రహ్మాండమే. చందా వేసుకున్నాం మరి!

ఇప్పుడు మా పక్కింటాయన ఫోన్లోనే సినిమా అద్దెకు తీసుకుంటారు. మొదలెట్టాక 48 గంటల గడువు. మొన్న ఒకటి తీసుకుని, పాటలు దాటించి, ఫైట్లు పరుగెత్తించి, మధ్యలో కొబ్బరి దింపు లెక్క చూసొచ్చారు.

"ఎలా ఉందండీ?"

"స్క్రీన్‌ప్లే అతకలేదండి, ఆయ్."

"మరి క్లైమాక్సో?"

"అప్పటికి గడువైపోయిందండి!"