మిల్లు పేజీకి టీకా

మూలం:

పేజి మాది సామి పిలువంగ మీరేల
తాళమిచ్చి మీరు తరలి పొండు
రేటు మారు రోజు రెండుమార్లైనను
మిల్లువారె దిద్ద మేలు గాదె

అవతారిక: రాయచూరు జిల్లా బాళగనూరులో ఒక బియ్యం మిల్లు యజమాని తన వెబ్‌సైటు కట్టిన కుర్రవాడితో అన్న మాట ఇది. 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయ్యాక కోస్తా నుంచి వచ్చి సింధనూరు చుట్టూ క్యాంపులు వేసుకున్నవారి మనుమడు గనుక తెలుగులో అన్నాడు. కన్నడంలో అన్నా బిల్లు అంతే.

ప్రతిపదార్థం: పేజి = 'మా గురించి', 'మా సరుకు', 'సంప్రదించండి', ఈ మూడింటిలో ఏదైనా; మాది = డబ్బిచ్చాం గనుక మాది; సామి = ఓ కుర్రవాడా (సగం బాకీ ఉంది గనుక ఈ మర్యాద); మీరేల = కామా పెట్టడానికీ మీకు ఫోను చేయాలా; తాళము = పాస్‌వర్డ్; తరలి పొండు = వెళ్లండి, ఫోను మాత్రం ఎత్తండి; రేటు = సోనా మసూరి బస్తా ధర; మిల్లువారె = గుమాస్తాయే.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: ఈ సైటులో పేజీకొక వరుస చొప్పున డేటాబేసులో ఉంది: శీర్షిక, పాఠం, మార్చిన తేదీ. ఆ పాఠం గడిని తెరిచిమ్మని యజమాని కోరిక. వర్డ్‌ప్రెస్ 2003 నుంచి చేస్తున్నది అదే కదా, తెరిచిస్తే పోలా అని పూర్వపక్షం.

పోదు. గుమాస్తా వర్డ్‌లో టైపు చేసి తెచ్చి అతికిస్తాడు. పెళ్లికొడుకు వెంట విడిదికి దిగినట్టు ఫాంటులు, సైజులు, రంగులు, ఎవరూ పిలవని 'ఎంఎస్ఓనార్మల్' అనే వర్డ్ సొంత గుర్తు, అన్నీ దిగుతాయి. ఫైలు పాత 'అను' ఫాంటులోదైతే, కన్నడమైతే పాత 'నుడి' ఫాంటులోదైతే, తెర మీద బియ్యం పేరుండదు, పిచ్చి గీతలుంటాయి. పోనీ యూనికోడే అనుకుందాం. డేటాబేసు పట్టిక తెలుగు పట్టని లాటిన్-1 సంకేతంలో ఉంటే అక్షరానికొక ప్రశ్నార్థకం మొలవొచ్చు. 2018లో 8.0 కూర్పు వచ్చేదాకా డేటాబేసు నడిపే మైఎస్‌క్యూఎల్ వేరే చెప్పకపోతే అదే పెట్టుకునేది మరి.

కాబట్టి సిద్ధాంతం మూడో పాదంలో వెతకాలి. యజమాని నోటితోనే వచ్చింది: మారేది రేటు. రేటుకు అంకెలు తప్ప మరేదీ పట్టని గడి ఒకటి, సెలవు రోజులు రాసుకోవడానికి రంగూ రుచీ లేని ఉత్త అక్షరాల గడి ఒకటి ఇస్తే చాలు. తలకట్టు, అమరిక, బొమ్మల కొలతలు మూసలోనే ఉండాలి. కొందరు వ్యాఖ్యాతలు దీన్ని పిసినారితనమన్నారు. వారెవరూ గుమాస్తా ఫోను ఎత్తినవారు కారు.

పాత రేటును చెరిపి కొత్తది రాయకూడదు, కింద కొత్త వరుస చేర్చాలి. ఓ మధ్యాహ్నం సున్నా జారి 1,300 బస్తా 130 అయిందనుకోండి. పాతది ఒక్క నొక్కుతో వెనక్కి రావాలి, ఎవరు ఎన్నింటికి మార్చారో కనబడాలి. ఈ రెండోది యజమాని అడగలేదు గానీ, చూపిస్తే బాకీలో కొంత అక్కడే తీరుస్తాడు.

ఇక 'సంప్రదించండి' పేజీ విషయంలో వ్యాఖ్యాతలంతా ఏకగ్రీవం: దాని తాళం ఎవరి చేతికిచ్చినా ఒకటే, పాత ఫోను నంబరు అక్కడే ఉంటుంది.